నిరూపణ అక్కర్లేని నిజం ఏది? "అందరికీ తెలిసిందే" అన్నవన్నీ ఆ లెక్కలోకి రావు

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. "స్వయంసిద్ధ సత్యానికి నిరూపణ అక్కర్లేదు" అని క్లాసులో లెక్చరర్ చెప్పారు. "అట్లయితే ఎవడైనా దేన్నైనా స్వయంసిద్ధం అనేసి తప్పించుకోవచ్చు గదా" అని మీ స్నేహితుడు ఎదురు తిరిగాడు. మీకు జవాబు తోచలేదు. పైగా ఇది పుస్తకానికే పనికొచ్చే మాటా, రోజువారీ బతుకులో దీనితో ఏమైనా పనుందా అని కూడా అడిగారు.

నేను తత్వశాస్త్రం చదివినవాణ్ణి కాదు. చిత్తూరు కోర్టుల్లో సివిల్ పక్క ప్రాక్టీసు చేసే వకీలును. భూమి తగాదాలు, అన్నదమ్ముల భాగాలు, ప్రోనోట్లు (అప్పు పత్రాలు), అద్దె ఇళ్ళ గొడవలు, ఇవే నా పని. ఏది నిరూపించాలి, ఏది నిరూపించక్కర్లేదు అన్నది మాకు రోజూ అన్నం పెట్టే ప్రశ్న. అందుకని రాస్తున్నా. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

సూటిగా చెప్పాలంటే: ఒక వాక్యంలోని మాటలకు అర్థం తెలిస్తే చాలు, అది నిజమని ఒప్పుకోక తప్పదు అనిపిస్తే అది స్వయంసిద్ధం. దానికి సాక్షి అక్కర్లేదు, కాగితం అక్కర్లేదు, ఎవరూ పోయి చూసి రావాల్సిన పని లేదు. మొత్తం తనలోని భాగం కంటే పెద్దది. ఒక మనిషి ఒకే సమయంలో రెండు ఊళ్ళలో ఉండడు. నిన్న జరిగినదానికి రేపు జరగబోయేది కారణం కాదు. ఈ జాతి మాటలు.

మీ స్నేహితుడి సందేహానికి కూడా జవాబు ఇందులోనే ఉంది. ఎవడంటే వాడు దేన్నంటే దాన్ని స్వయంసిద్ధం అనలేడు, ఎందుకంటే దానికొక పరీక్ష ఉంది. ఆ మాటను తిరగేసి చూడాలి. తిరగేసిన మాట అబద్ధమా అని కాదు, అసలు ఊహకు అందుతుందా అని చూడాలి. "భాగం మొత్తం కంటే పెద్దది" అంటే ఎట్లుంటుందో మీరు బొమ్మ గీయగలరా? చేయి ఆడదు. అదే "సూర్యుడు పడమర పొడిచాడు" అంటే? అబద్ధమే, కానీ బొమ్మ గీయొచ్చు. శుక్రగ్రహం మీద నిలబడి చూస్తే నిజంగానే పడమరే పొడుస్తాడు, ఆ గ్రహం తిరిగే దిక్కు అట్లాంటిది. కాబట్టి సూర్యుడు తూర్పున పొడవడం ఎంత ఖాయమైనా అది చూసి తెలుసుకున్న నిజం. మొదటిది చూడకుండానే తెలిసిన నిజం.

ఇక్కడే జనం పొరబడతారు. బాగా అలవాటైన నిజాన్ని స్వయంసిద్ధం అనుకుంటారు.

తిరుపతిలో ప్లాటు బేరం చేసిన ఎవరినైనా అడగండి, అంకణం అంటే ఎంత అని. ముప్పై ఆరు చదరపు అడుగులు, ఆరడుగులు ఇటు ఆరడుగులు అటు, ఆ మాత్రం తెలియదా అంటారు. నెల్లూరు పక్క అడగండి, డెబ్భై రెండు అంటారు. వాళ్ళూ అంతే ధీమాగా అంటారు. పైగా నెల్లూరు జిల్లాలో ఉండిన సూళ్ళూరుపేట వైపు ఊళ్ళు 2022లో తిరుపతి జిల్లాలో కలిశాయి, అంటే రెండు అంకణాలూ ఒకే జిల్లాలోకి వచ్చి కూర్చున్నాయి. "40 అంకణాలు" అని మాత్రమే రాసుకున్న ఒక అగ్రిమెంటు నా దగ్గరికి వచ్చింది. అమ్మినాయన లెక్కలో 1,440 చదరపు అడుగులు. కొన్నాయన లెక్కలో 2,880. ఇద్దరిలో ఎవరూ మోసగాళ్ళు కాదు. ఇద్దరూ "అందరికీ తెలిసిందే కదా, అదెందుకు రాయడం" అనుకున్నవాళ్ళే. కొలత అనేది నలుగురూ కలిసి పెట్టుకున్న ఏర్పాటు. ఏర్పాటును ఎప్పుడైనా ఇంకోలా పెట్టుకోవచ్చు, కాబట్టి అది స్వయంసిద్ధం కాలేదు. కాగితం మీదికి ఎక్కాల్సిందే.

తిరుపతి చిత్తూరు జిల్లాలోని ఊరు అన్నది కూడా ఇట్లాంటిదే. చిత్తూరు జిల్లా పుట్టిందే 1911 ఏప్రిల్ 1న. తిరుపతి విడిపోయి వేరే జిల్లా అయింది 2022 ఏప్రిల్ 4న. ఆ మధ్య పుట్టి పెరిగినవాళ్ళకు అది కొండంత నిజం. ఇప్పుడు చిరునామా రాసేటప్పుడు చేయి అలవాటుగా చిత్తూరు జిల్లా అని రాసేసి, కొట్టేసి, మళ్ళీ రాస్తుంది.

సరే, అసలైన స్వయంసిద్ధ సత్యంతో ఏం పని జరుగుతుందో ఒక కేసు చెప్తాను. ఊరూ పేర్లూ వద్దు, వివరాలు కొంచెం మార్చాను.

ఒక సర్వే నంబరు. రికార్డు ప్రకారం మొత్తం 3 ఎకరాల 20 సెంట్లు. నలుగురు అన్నదమ్ములు వేరుపడి, ఎవరి భాగం వాళ్ళు వేర్వేరు కాలాల్లో బయటివాళ్ళకు అమ్మారు. నలుగురు కొనుగోలుదారుల దగ్గరా రిజిస్టరైన క్రయ దస్తావేజులున్నాయి. ఈసీలో (ఆ భూమి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రంలో) నాలుగూ కనిపిస్తున్నాయి. విడివిడిగా చూస్తే ఒక్కదానిలోనూ వంక పెట్టడానికి లేదు. ఒకరికి 90 సెంట్లు, ఇంకొకరికి 85, మూడో ఆయనకు 95, నాలుగో ఆయనకు 86. నా దగ్గరికి వచ్చినాయన తన దస్తావేజు ఒక్కటే చూపించి "నా కాగితం పక్కా సార్, పక్కోడు గెనిమ (గట్టు) జరిపినాడు" అన్నాడు. మిగతా మూడింటి నకళ్ళు తెప్పించి నాలుగూ కూడితే 3 ఎకరాల 56 సెంట్లు వచ్చింది.

భాగాలన్నీ కలిపితే మొత్తం కంటే 36 సెంట్లు ఎక్కువ. అంతటితో ఒక విషయం తేలిపోయింది, ఏ సాక్షీ బోనెక్కకుండా. నాలుగు కాగితాల్లో కనీసం ఒకటి తప్పు. ఎంత పెద్ద లాయరును పెట్టుకున్నా, ఎన్ని స్టాంపులు వేసినా నాలుగూ ఒకేసారి నిజం కావడానికి వీల్లేదు.

అయితే ఏది తప్పో ఆ సత్యం చెప్పలేదు, చెప్పదు కూడా. స్వయంసిద్ధ సత్యం మనకు ఏం జరిగిందో చెప్పదు. మన దగ్గరున్న కథల్లో ఏవేవి కలిసి బతకలేవో చెప్తుంది. నా అనుభవంలో దాని వాడకమంతా ఈ ఒక్క చోటే ఉంది. మీరు పరీక్షలో ఏం రాసుకున్నా రాసుకోండి, ఈ మాట మాత్రం గుర్తుంచుకోండి.

ఆ 36 సెంట్లు ఎక్కడివో తేల్చడానికి మామూలు దారే పట్టాల్సి వచ్చింది. కోర్టు స్థలం చూసి రమ్మని అడ్వకేట్ కమిషనర్‌ను వేసింది, మండల సర్వేయర్ వచ్చాడు, ఎఫ్‌ఎంబీ అనే పొలం కొలతల పటం పట్టుకుని హద్దు రాళ్ళు వెతికారు. ఒక పెద్దాయన సాక్ష్యం చెప్తూ "మా తాత కాలం నాటినుంచీ ఆ చింతమాను దాకా మాదే సామీ, ఊరంతా ఎరుగుదురు" అన్నాడు. అవతలి లాయరు లేచి "ఏ చింతమాను?" అని అడిగాడు. అక్కడ రెండున్నాయి. చివరికి తేలిందేమంటే, ఆఖరున రాసిన దస్తావేజు చెక్కుబందీలో (హద్దుల వివరంలో) పడమటి హద్దు పట్టా భూమి దాటి వంక పోరంబోకులోకి, అంటే వాగు కింద ఉన్న ప్రభుత్వ భూమిలోకి, పోయింది. అమ్మినాయన పోరంబోకును కూడా కలిపి కొలిచి అమ్మేశాడు. ఊరంతా ఎరిగిన నిజం ఊరంతా చేసుకున్న అలవాటు మాత్రమే. ఇన్నేళ్ళూ వంకలో పశువులు మేపుకున్నవాళ్ళకు అది పొలంలాగే కనిపించింది.

ఇంకో రకం చూడండి. ఒకాయన మీద ప్రోనోటు దావా. ఫలానా తేదీన మా ఊళ్ళో, మా ఇంట్లో కూర్చుని డబ్బు తీసుకుని సంతకం పెట్టాడని వాది చెప్తాడు. ఆ తేదీన ప్రతివాది వేలూరు ఆసుపత్రిలో మంచం మీదున్నాడు. మేం కోర్టులో చేసిందల్లా ఆసుపత్రి రికార్డు తెప్పించడం, అది తెచ్చిన ఉద్యోగిని బోనెక్కించడం, తేదీలు రుజువు చేయడం. "ఒక మనిషి ఒకే రోజు ఒకే వేళకు రెండు చోట్ల ఉండలేడు" అని మా జవాబు పత్రంలో ఒక్క ముక్క రాయలేదు. జడ్జిగారూ అడగలేదు. కానీ కేసు నిలబడింది ఆ రాయని వాక్యం మీదే. పాత తేదీ వేసి సృష్టించిన అగ్రిమెంట్లూ ఇట్లాగే దొరికిపోతాయి. స్టాంపు పేపరు వెనక వెండరు అమ్మిన తేదీ ఉంటుంది. ముందువైపు సంతకం తేదీ దానికంటే ముందుదై ఉంటుంది. ఇక దానిమీద వాదించడానికేముంది?

గమనించండి, పెద్ద వాక్యం ఎప్పుడూ నోరు విప్పదు. గొడవంతా చిన్న వాక్యాల మీదే: ఆ రోజు ఆసుపత్రిలో ఉన్నాడా లేదా, ఆ ముద్ర అసలుదా కాదా. అందుకే ఎవరైనా వాదనలో గొంతు పెంచి "ఇది స్వయంసిద్ధం" అని పదే పదే అంటుంటే నాకు అనుమానం వస్తుంది. నిజంగా స్వయంసిద్ధమైనదాన్ని పేరు పెట్టి పిలవాల్సిన అవసరం సాధారణంగా రాదు.

ఇప్పుడు చట్టం సంగతి. "నిరూపణ అక్కర్లేదు" అన్న ప్రతిదీ స్వయంసిద్ధం కాదని చెప్పడానికి సాక్ష్య చట్టం కంటే మంచి చోటు లేదు. 1872 నాటి సాక్ష్య చట్టం పోయి 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం అమల్లో ఉంది. పాతదాంట్లో 56, 57, 58 సెక్షన్లు కొత్తదాంట్లో 51, 52, 53 అయ్యాయి. కొన్ని విషయాలను కోర్టు తనంతట తానే తెలిసినవిగా తీసుకుంటుంది, వాటికి రుజువు అడగదు. దేశంలో అమల్లో ఉన్న చట్టాలు, గెజిట్‌లో ప్రకటించిన పండగలూ సెలవులూ, ప్రపంచంలోని భౌగోళిక విభాగాలు, రోడ్డు మీద బండి ఏ పక్క నడపాలన్న నియమం, ఇట్లాంటివి. బండి ఎడమ పక్క నడపాలని నేను సాక్షిని పెట్టి నిరూపించక్కర్లేదు. అంతమాత్రాన అది స్వయంసిద్ధమా? అమెరికా పోతే కుడి పక్క నడుపుతారు. కోర్టు అడగకపోవడానికి కారణం వేరు: అందరికీ తెలిసినదాని మీద కోర్టు సమయం పాడుచేయడం ఎందుకని. అవసరమైతే జడ్జిగారు పుస్తకం తెప్పించుకుని చూసుకోవచ్చని కూడా ఆ సెక్షన్లోనే ఉంది. స్వయంసిద్ధమైనదానికి పుస్తకం ఎందుకు?

రెండో రకం, ఇరుపక్షాలూ ఒప్పుకున్నవి. "అవును, ఆ సంతకం నాదే" అని ప్రతివాది అన్నాక ఇక సంతకం నిరూపించే పని లేదు. అది ఒప్పందంతో వచ్చిన సౌకర్యం.

మూడో రకం చిక్కుది. చట్టం "ఇట్లా ఉందని అనుకో" అని చెప్పేవి. ఒక మనిషి గురించి తెలియాల్సినవాళ్ళకు ఏడేళ్ళపాటు ఏ కబురూ లేకపోతే, అతను బతికే ఉన్నాడని చెప్పేవాళ్ళే ఆ మాట నిరూపించాలి. పాతదాంట్లో 108, ఇప్పుడు 111. గల్ఫ్‌కు పోయి జాడ తెలియనివాళ్ళ కుటుంబాలు ఆస్తి పనుల కోసం మా దగ్గరికి వస్తే ఇదే ఆధారం. కానీ అట్లా పోయాడనుకున్న మనిషి రేపు పొద్దున బస్టాండులో దిగొచ్చు. దిగితే కోర్టు అనుకున్నది అంతటితో సరి. భాగం మాత్రం ఏ బస్సెక్కి వచ్చినా మొత్తం కంటే పెద్దదై రాదు.

ఇంకా గట్టిగా చట్టం "ఇదే నిశ్చయమైన రుజువు, ఇక మాట్లాడొద్దు" అన్న చోటు కూడా ఉంది. పెళ్ళి నిలిచి ఉండగా పుట్టిన బిడ్డ, లేదా పెళ్ళి రద్దయ్యాక తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకోకుండా ఉండగా 280 రోజుల లోపల పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డే. ఆ కాలంలో భార్యాభర్తలకు కలిసే వీలే లేదని చూపిస్తే తప్ప దాన్ని కాదనడానికి లేదు. 1872లో ఆ మాట రాసినవాళ్ళకు డీఎన్‌ఏ అంటే తెలియదు. 2014లో నంద్‌లాల్ బద్వాయిక్ కేసులో డీఎన్‌ఏ పరీక్ష తండ్రి కాదని చెప్పినప్పుడు, శాస్త్రం చూపిన నిజానికీ చట్టం చేసుకున్న ఊహకూ పోటీ వస్తే శాస్త్రానిదే పైచేయి అని సుప్రీంకోర్టు అంది. చట్టం ఎంత గట్టి తాళం వేసినా అది మనిషి వేసిన తాళమే. (అట్లని ప్రతి కేసులోనూ డీఎన్‌ఏ పరీక్షకు కోర్టు ఒప్పుకోదు. బిడ్డ బతుకుతో ముడిపడిన సంగతి. ఆ చర్చ ఇక్కడ వద్దు.)

ఇప్పుడు ఒక మినహాయింపు. స్వయంసిద్ధం అంటే వినగానే తెలిసిపోవాలని లేదు. మాటల అర్థం పట్టుకోవడానికే కొందరికి కాసేపు పడుతుంది. తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్సు కంపార్ట్‌మెంటులో 367 మంది కూర్చుని ఉన్నారనుకోండి. వాళ్ళలో కనీసం ఇద్దరి పుట్టినరోజు ఒకే తేదీన వస్తుంది. ఎవర్నీ అడగక్కర్లేదు. మొదట విన్నవాళ్ళు "ఎట్లా చెప్తావ్?" అంటారు. ఫిబ్రవరి 29తో కలిపి ఏడాదిలో ఉన్న తేదీలే 366 అనగానే నోరు మూతపడుతుంది. లెక్కల మాస్టారు దీన్ని నిరూపణ అంటారు, స్వయంసిద్ధం అనరు, సరే. నేను చెప్పేది, తడుముకోవడం వేరు, సందేహం వేరు అని. అర్థమయ్యాక కూడా తెలివిగల మనిషికి న్యాయమైన సందేహం మిగిలితే అప్పుడు ఆ బిరుదు తీసేయాలి.

అట్లా బిరుదు పోగొట్టుకున్నవి ఉన్నాయి. క్రీస్తుకు పూర్వం 300 ప్రాంతంలో యూక్లిడ్ అనే గ్రీకు గణితజ్ఞుడు జ్యామితికి పునాదిగా ఐదు స్వీకృతాలు (నిరూపించకుండానే ఒప్పుకునే మాటలు), మరో ఐదు సామాన్య భావనలు పెట్టుకున్నాడు. అన్నీ ముద్దగా మింగుడుపడ్డాయి గానీ సమాంతర రేఖల గురించిన ఐదోది మాత్రం గొంతులో అడ్డం పడింది. మిగతావాటినుంచి దాన్ని నిరూపించాలని రెండు వేల ఏళ్ళు ప్రయత్నించారు. (మా సివిల్ దావాలే నయం అనిపిస్తుంది.) 1829లో రష్యా గణితజ్ఞుడు లోబచెవ్‌స్కీ, 1832లో హంగరీ గణితజ్ఞుడు బోయాయ్ ఎవరికి వాళ్ళు దాన్ని పక్కనపెట్టి కూడా ఏ చిక్కూ రాని జ్యామితి కట్టవచ్చని చూపించారు. తిరగేసిన మాట ఊహకు అందింది, అంతే, స్వయంసిద్ధం హోదా పోయింది. నేను ఇందాకటినుంచీ మోస్తున్న "మొత్తం భాగం కంటే పెద్దది" కూడా అనంతం దగ్గరికి పోతే తడబడుతుంది. 1, 2, 3 అని ఎన్ని సంఖ్యలున్నాయో వాటిలోని సరి సంఖ్యలూ సరిగ్గా అన్నే ఉన్నాయి, జతకు జత కలపొచ్చు. కాంటర్ అనే గణితజ్ఞుడు 19వ శతాబ్దంలో ఆ దారి తెరిచాడు. సెంట్లూ ఎకరాల దాకా వస్తే మనకు ఆ భయం లేదు.

లెక్కల్లో ఇట్లా పోతే పోయేదేం లేదు. మనుషుల విషయంలో పోతుంది. "ఇది స్వయంసిద్ధం" అనే మాట ఇళ్ళలో, ఊళ్ళలో ఎక్కువగా వాడేది ఎదుటివాళ్ళ నోరు మూయించడానికి. "పెళ్ళి చేసి పంపినాక ఆడబిడ్డకు ఇంకేం భాగం?" ఈ మాట నేను విన్నన్నిసార్లు ఇంకే మాటా వినలేదు. చెప్పేవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. సూర్యుడు తూర్పున పొడుస్తాడన్నంత మామూలుగా చెప్తారు. తిరగేయండి: "ఆడబిడ్డకు భాగం ఉంది." ఊహకు అందుతుందా? అందడమేంటి, చట్టమే ఉంది. హిందూ వారసత్వ చట్టానికి మన రాష్ట్రం చేసిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించింది, దేశమంతటికీ కంటే ఇరవై ఏళ్ళు ముందు. అందులో అప్పటికే పెళ్ళయిపోయిన కూతుళ్ళను వదిలేశారు. 2005 సెప్టెంబర్ 9 నుంచి వచ్చిన కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అన్న పేచీ కూడా 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన వినీతా శర్మ తీర్పుతో తీరింది, ఉండక్కర్లేదని. ఇంత జరిగినా చెల్లెలు భాగం అడిగితే అన్న ముఖంలో కనిపించేది కోపం కంటే ముందు ఆశ్చర్యం. తను స్వయంసిద్ధం అనుకున్నది కదిలిందని. ఆ ఆశ్చర్యం చూసినప్పుడల్లా నాకు చట్టం మార్చడం తేలిక, అలవాటైన నిజాన్ని మార్చడం కష్టం అనిపిస్తుంది.

ఇదే మాటను మంచికి వాడినవాళ్ళూ ఉన్నారు. 1776 జూలై 4 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో మనుషులంతా సమానంగా సృష్టించబడ్డారన్నది స్వయంసిద్ధమని మేం భావిస్తున్నాం అని రాసుకున్నారు. రాసిన జెఫర్సన్ దగ్గరే వందల మంది బానిసలు ఉండేవాళ్ళు. ఆ దేశంలో బానిసత్వం రద్దుకు రాజ్యాంగ సవరణ వచ్చింది 1865లో. నిజంగా చూడగానే తెలిసేదైతే మధ్యలో 89 ఏళ్ళెందుకు, ఒక యుద్ధమెందుకు? నా లెక్కలో అది కనుక్కున్న సత్యం కాదు, పెట్టుకున్న ఒట్టు. ఒట్టు పెట్టుకోవడం తప్పేం కాదు, చాలా గొప్ప సంగతి. కానీ ఒట్టును నిలబెట్టుకోవడానికి ఏర్పాటు కావాలి. మనవాళ్ళు ఇక్కడ ఎక్కువ జాగ్రత్త పడ్డారని నా అభిప్రాయం. సమానత్వం స్వయంసిద్ధమేలే అని వదిలేయకుండా 14వ అధికరణంగా రాశారు, అంటరానితనం రద్దును 17గా రాశారు, అవి మీరితే సుప్రీంకోర్టు తలుపు తట్టడానికి 32 పెట్టారు. 1949 నవంబర్ 25న అంబేద్కర్ రాజ్యాంగ సభలో చెప్పింది కూడా ఇదే: రాజకీయాల్లో సమానత్వం వస్తోంది, సంఘంలో, ఆర్థిక జీవితంలో అసమానత అట్లాగే ఉంటుంది, ఈ వైరుధ్యంలోకి అడుగుపెడుతున్నాం అని. కళ్ళెదుట కనిపించేది అసమానతే అయినప్పుడు సమానత్వాన్ని స్వయంసిద్ధం అని ఊరుకుంటే ఎట్లా?

మీరు వేయని ప్రశ్న ఒకటి ఉంది, ఎవరికి స్వయంసిద్ధం అని. "నేను లేను" అని ఎవడూ అనుకోడని శంకరులవారు అన్నారు. నేనున్నానన్నది ఎవరికి వాళ్ళకు తిరుగులేని నిజం. కానీ పెన్షన్ తీసుకునే పెద్దవాళ్ళను అడగండి. ఏటా బతికే ఉన్నానని ధ్రువపత్రం ఇవ్వాలి, లేకపోతే పెన్షన్ ఆగిపోతుంది. ఒక రిటైర్డ్ మాస్టారు నా ఆఫీసులో కూర్చుని "ఎదురుగా నిలబడినా కాగితం అడిగినారు నాయనా, నేనేమన్నా దయ్యాన్నా" అని నవ్వారు. వేళ్ళ గీతలు అరిగిపోయి మిషన్లో వేలిముద్ర పడేది కాదు ఆయనకు. 2014లో వచ్చిన మిషన్ ధ్రువపత్రం పద్ధతి, జీవన్ ప్రమాణ్‌లో వేలో కనుపాపో చూపించాలి. ముఖం చూపిస్తే చాలనే పద్ధతి 2021లో వచ్చాక కొంచెం తెరిపిన పడ్డారు. ఆయన నవ్వులో న్యాయం ఉంది. కాగితం అడిగిన ఆఫీసులోనూ న్యాయం ఉంది. ఫైలుకు కళ్ళుండవు. పోయినవాళ్ళ పేరుమీద పెన్షన్ తీసుకునేవాళ్ళు లేకపోలేదు. మీకు లోపలినుంచి తెలిసిన నిజం బయటివాళ్ళకు రుజువు కావాల్సిన విషయమే. "నా ఉద్దేశం మంచిదే, అది వేరే చెప్పాలా" అని భార్యాభర్తల గొడవల్లో వినిపించే మాట కూడా ఈ కోవలోదే. చెప్పాలి.

రోజువారీ వాడకం అడిగారు కాబట్టి నేను చేసేది చెప్తాను. కొత్త ఫైలు వస్తే మనుషుల మాటలు చివర వింటాను. ముందు కాగితాలు పక్కపక్కన పెట్టి మూడే చూస్తాను: కూడికలు, తేదీలు, ఎవరు ఎప్పుడు ఎక్కడున్నారన్నది. ఈ మూడింట్లో ఎక్కడైనా పొసగకపోతే అక్కడ ఒక అబద్ధమో పొరపాటో ఉన్నట్టే, అది ఎవరిదైనా కానీ. చాలాసార్లు మా క్లయింటుదే అవుతుంది. అప్పుడు దావా వేయకముందే చెప్పేస్తే ఫీజు పోతుంది గానీ పరువు దక్కుతుంది. ఆ తర్వాతే సాక్షులు, హద్దులు, ఊరివాళ్ళ మాట.

ఇంట్లో మాటామాటా వచ్చినప్పుడు ఎవరైనా "ఇది కూడా చెప్పాలా" అంటే, మీ స్నేహితుడిలా "అయితే ఎవడైనా ఏదైనా అనొచ్చా" అని గుద్దులాటకు దిగకండి. "సరే, అట్లా కాకపోతే ఎట్లుంటుంది?" అని నెమ్మదిగా అడగండి. నిజంగా స్వయంసిద్ధమైతే ఇద్దరూ నవ్వుకుంటారు. కాకపోతే అసలు విషయం బయటికొస్తుంది: మా ఊళ్ళో అంతే, మా నాన్న అట్లే చేసేవాడు, పుస్తకంలో ఉంది, టీవీలో చెప్పారు. వీటిలో ఏదీ తీసిపారేయాల్సింది కాదు. కానీ ప్రతిదానికీ "ఎందుకు" అని అడిగే హక్కు మీకుంటుంది.

పరీక్షలో రాయడానికైతే మొదట్లో ఇచ్చిన నిర్వచనం, తిరగేసే పరీక్ష, ఐదో స్వీకృతం కథ, ఈ మూడూ చాలు. సెక్షన్లు రాస్తే మీ లెక్చరర్ కంగారు పడతారు.

ఒక చివరి మాట, ఇది ప్రశ్నకు సంబంధం లేకపోయినా. ఇంట్లో ఉమ్మడి భూమి దస్తావేజులుంటే ఒక ఆదివారం అన్నీ బయటికి తీసి సెంట్లు కూడి చూడండి. సర్వే నంబరు మొత్తంతో సరిపోకపోతే ఒరిజినల్స్ భద్రం చేసి, నకళ్ళు, ఈసీ, ఎఫ్‌ఎంబీ కాపీ పట్టుకుని దగ్గర్లో సివిల్ చూసే వకీలు దగ్గరికి పోండి. ఆ కాగితాల ఫోటోలు మాత్రం ఇట్లా నలుగురూ చూసే చోట పెట్టకండి. కిందటి నెల ఒకాయన పెట్టారు, సంతకాలతో సహా.